బాయిలరును అదుపులో నుంచిన చరిత్ర



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ప్రయాణము చేయువారికి బియ్యపుమిల్లుల పొగగొట్టములు తరచుగా కానవచ్చును. ఆ గొట్టముల క్రింద బాయిలరు కలదనియు, అందు నిప్పును నీరును ఒక్కచోట కాపురముండుననియు మీ రెరుగుదురు. పుట్టుకచేత నవి పరస్పరవైరులు. ఆ రెంటిని గలిపి, హద్దు దాటనీయక పని చేయించు విద్య ఎట్లు పుట్టినదో, అది మన వడ్లరాశిదాక ఎట్లు వచ్చినదో నేడు విన్నవించెదను.

మన సీమలో మిల్లులు విస్తరించుటకు మూలము కృష్ణాజలము. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్లాలు నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగష్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలెను. ఎడమకాలువ పారినచోట్ల జొన్నయు ఆముదమును పండిన మెట్టలు వరిమళ్లయ్యెను. వరి పెరిగినకొలది మిల్లులును పెరిగెను.

అయితే మన యాసంగివరి మండువేసవిలో కోతకు వచ్చును. ఆ యెండకు గింజలోపల కంటికి కానరాని సన్ననిపగుళ్లు పుట్టును. అట్టి వడ్లను పచ్చిగా మరపట్టించినచో బియ్యముకంటె నూకల బాధ యెక్కువ. వడ్లను నానబెట్టి, ఆవిరిపట్టి, ఆరబెట్టి, పిదప మరపట్టించినచో గింజలోని పిండి మెత్తపడి పగుళ్లను తానే పూడ్చుకొనును. పైపొరలోని జీవసత్త్వములు కొంత లోపలికి దిగును. ఇదియే ఉప్పుడుబియ్యము. 2021లో కేంద్రప్రభుత్వము మన తెలంగాణమునుండి ఉప్పుడుబియ్యమును ఇకమీదట తీసికొనజాలమని తెలిపినపుడు, యాసంగివడ్ల నేమి చేయవలెనను చింత పల్లెపల్లెకు ప్రాకెను. బాయిలరునకును రైతు కళ్లమునకును గల బంధ మంత దగ్గరిది.

పూర్వము వడ్లను చన్నీటిలో ఒకటి మొదలు మూడుదినములు నానవేసెడివారు. నీరు పులిసి దుర్గంధము గొట్టెడిది. 1950లో మైసూరున నెలకొన్న కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయమువారు వేడినీటి పద్ధతిని రూపొందించిరి. 85 డిగ్రీల నీటిలో వడ్లు పోసినచో రెండును గలిసి 70 డిగ్రీల దగ్గర నిలుచును. మూడుమూడున్నర గంటలలో నానుట ముగియును. ఇచ్చటనే అదుపు అక్కరకు వచ్చును. వేడి తగ్గినచో నానుట ఆలస్యమగును. వేడి మీరినచో గింజ యుబ్బి పొట్టు చీలును. తొట్టిలో పైనీరొకవేడి, అడుగునీరొకవేడి యైనచో ఒకభాగము నానును, ఒకభాగము నానదు. కావున పంపు అడుగునీటిని పైకి ద్రిప్పుచుండును. బాయిలరు వేడిని పుట్టించును. పంపు దానిని పంచిపెట్టును. ద్వంద్వసమాసమున రెండుపదములును ప్రధానములైనట్లు ఇందు రెండును ప్రధానములే.

లోకమున ఈ విద్యకు తొలిమెట్టు కోడిగ్రుడ్లవలన నేర్పడుట చిత్రము. పదునేడవ శతాబ్దారంభమున డ్రెబెల్ అను డచ్చివాడు గ్రుడ్లను పొదిగించుటకై, వేడి హెచ్చినపుడు తనంతట గాలిదారిని మూయు కొలిమిని నిర్మించెను. 1777 ప్రాంతమున పారిసు నగరమున బొన్నెమాన్ అనువాడు వేడినీటిని గొట్టములలో ప్రవహింపజేసి కోడిపిల్లలను పొదిగించెను. ఇనుమును సీసమును ఒకేవేడికి వేర్వేరుగా సాగును. ఆ భేదమునే చేయిగా జేసికొని అతడు కొలిమిగాలిని తగ్గించుచు హెచ్చించుచు నుండెను. వేడినీరు తేలికయై తానే పైకెక్కుటచే అతనికి పంపుతో పనిలేకపోయెను.

అంతకుముందే, 1679లో, డెనిస్ పాపిన్ అను ఫ్రెంచివాడు ఎముకలను సైతము మెత్తగా నుడికించు బిగిమూతపాత్రను చేసెను. అది పగులకుండుటకు బరువుగల మీటతో నొక చిన్నద్వారము నమర్చెను. ఒత్తిడి మితిమీరినచో ఆవిరి ఆ బరువు నెత్తుకొని వెలుపలికి పోవును. మన ఇండ్లలోని ప్రెషరుకుక్కరు మీది బరువు దాని సంతతియే. 1788లో జేమ్సు వాటు తన ఆవిరియంత్రమునకు తిరుగుడుగుండ్లను దగిలించి వేగమును తనంతట నిలుకడకు వచ్చునట్లు చేసెను. 1868లో మాక్సువెల్ అను శాస్త్రజ్ఞుడు అట్టి సాధనములు ఏల నిలుకడ తప్పునో గణితముచే జూపెను. దారితప్పిన యెడ్లను ఒక్కపెట్టున లాగినచో బండి రెండవగట్టున బడును. మితిమీరి సరిదిద్దుటయు నట్టిదే.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున వారెన్ జాన్సను అను ఉపాధ్యాయుడుండెను. గదులలోని వేడి నెరుగుటకై పనివాడు మాటిమాటికి తరగతిలోనికి వచ్చుట పాఠమునకు భంగమయ్యెను. గదిలో వేడి హద్దు తప్పగనే కొలిమిగదిలో గంట మ్రోగునట్టి విద్యుత్సాధనమునకు అతడు 1883లో పేటెంటు పొందెను. ముప్పదియైదేండ్లు సుద్దముక్క పట్టినవాడనగుటచే ఈ వృత్తాంతము చెప్పునపుడు నాకు గొంచెము గర్వము కలుగును.

నేడు శీతదేశములలో భవనములను వెచ్చజేయు ఏర్పాటును కట్టకమునుపే కంప్యూటరులో అంకెలతో నడిపి చూతురు. ఇనుమును ముట్టక, ఇంధనమును గాల్పక, ఏడాదిచలిని లెక్కలో బోసి పరీక్షింతురు. ఆ పరీక్షలలో రెండు నియమములు ముఖ్యములు. వెలిగించునపుడు పంపు ముందు, బాయిలరు వెనుక. ఆపునపుడు బాయిలరు ముందు, పంపు వెనుక. లేనిచో నిలిచిననీరు ఒక్కచోట కాగి పొంగును. రెండవది, 70 డిగ్రీలు కావలెనన్నచో 68 వద్ద వెలిగించి 72 వద్ద ఆపవలెను. ఆ యెడము లేనిచో యంత్రము నిమిషమున కొకసారి వెలుగుచు ఆరుచు పాడగును.

కాని మన మిల్లులలో మండునది ఊక. 100 కిలోల వడ్లకు ఇంచుమించు 20 కిలోల ఊక వచ్చును. ఊకనిప్పు మీట నొక్కినంతనే ఆరునది కాదు. పాచిపట్టిన నీటియద్దము, బిగుసుకొనిన సేఫ్టీవాల్వు, పూడిన గొట్టము, వీనిని లెక్కలో వ్రాయనిచో లెక్క చూపజాలదు. నీరు ఆవిరియైనచో బయటిగాలి ఒత్తిడివద్ద 1600 రెట్లకు పైగా వ్యాపించును. బాయిలరు పగిలిన క్షణమున ఆ వ్యాప్తియే మృత్యువు.

1863లో కలకత్తాలో బాయిలరు ప్రేలి పలువురు మరణించిరి. 1864లో బెంగాలున తనిఖీచట్టము వచ్చెను. 1923లో ఇండియన్ బాయిలర్ల చట్టము పుట్టెను. స్వాతంత్ర్యానంతరము సంస్థానములకును వ్యాపించెను. 2025లో దాని స్థానమున క్రొత్తచట్టము వచ్చెను. చట్టములు మారినను సారమొక్కటే: పరీక్షింపని బాయిలరును వెలిగింపరాదు, అర్హతలేనివానిచేతికి నప్పగింపరాదు.

గ్రామపెద్దలారా! మన పిల్లలు మిల్లులలో నిప్పుదగ్గర పనికి బోవుచున్నారు. యజమానిని మూడుప్రశ్నలడుగుట మీ ధర్మము. తనిఖీపత్రము ఏనాటివరకు చెల్లును? బాయిలరుకాపరికి అర్హతాపత్రము కలదా? నీటియద్దమును, సేఫ్టీవాల్వును కడపట ఎప్పుడు పరీక్షించిరి? ఈ మూటికి తడబడక బదులుచెప్పు మిల్లునకే మన బిడ్డలను పంపుదము.