అలమండ నవ్వుకు మూలం ఎక్కడ?

ఉత్తరాంధ్ర కథా చరిత్ర చెప్పేవాళ్లకు ఒక వరస కంఠతా వచ్చు: గురజాడ, చాసో, రావిశాస్త్రి, ఆ వెనక పతంజలి. 1892లో విజయనగరంలో రంగమెక్కిన కన్యాశుల్కం దగ్గర మొదలుపెట్టి, చాసో కథలు దాటి, రావిశాస్త్రి విశాఖ కోర్టుల మీదుగా వచ్చి, పతంజలిని ఆయన శిష్యుడిగా చూపించి ముగిస్తారు. వరస తప్పు కాదు. ముగింపే చాలదు.

కాకర్లపూడి నరసింహ యోగ పతంజలి 1952లో అలమండలో పుట్టాడు, 2009లో పోయాడు. పత్రికల్లో పనిచేశాడు. పోలీసు శాఖను నిలదీసిన ‘ఖాకీవనం’ రావిశాస్త్రి బాటలోదేనంటే నాకు అభ్యంతరం లేదు. అక్కడ కోపానికి గురి ఉంది, దోషి ఉన్నాడు. అలమండ నేపథ్యంగా రాసిన ‘రాజుగోరు’, ‘వీరబొబ్బిలి’, ‘గోపాత్రుడు’ నవలలు మాత్రం ఆ బాటలో ఇమడవు. గోపాత్రుడు భూమి బల్లపరుపుగా ఉందంటాడు. ఊరు రెండు పక్షాలవుతుంది. ఇందులో శిక్షించాల్సిన వాడెవడు? వాదించడమే అక్కడి వాళ్లకు మిగిలిన ఆస్తి.

ఆ ఆస్తి ఎలా మిగిలిందో చూడాలి. 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీ ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. పతంజలి పుట్టేనాటికి చట్టానికి నాలుగేళ్లు. దివాణాల దర్జాను ఆయన కళ్లారా చూడలేదు; ఆ దర్జా గురించి పెద్దలు చెప్పుకునే మాటలే విన్నాడు. ఆయన హాస్యానికి ముడిసరుకు ఆ మాటలేనని నా వాదం. శిస్తు పోయింది, సలాం పోయింది, వేట కబుర్లూ వంశం గొప్పలూ మిగిలాయి. 1757 నాటి బొబ్బిలి యుద్ధపు పౌరుషం ‘వీరబొబ్బిలి’లో ఫకీర్రాజు గారి కుక్క పేరులో చేరింది. ఆ కుక్క కూడా దివాణం పరువును తన పరువే అనుకుంటుంది.

చట్టమే సర్వస్వం అనను. అలమండ రాజులందరూ జమీందార్లు కారు. చాలామంది సాధారణ భూస్వాములు. వాళ్లు పోగొట్టుకున్నది సంస్థానాన్ని కాదు, సంస్థానం పేరు చెప్పుకుని చలాయించిన పెద్దరికాన్ని. పైగా చట్టానికీ ఈ నవలలకూ మధ్య మూడు దశాబ్దాలకు పైగా ఎడం ఉంది. ఆ ఎడమే మేలు చేసిందనుకుంటాను: పగ చల్లారింది, ప్రేమ మిగిలింది. పతంజలి తన వాళ్లను చూసి నవ్వుతాడు గానీ వాళ్లను చిన్నబుచ్చడు. రావిశాస్త్రి కసికీ ఈ నవ్వుకీ తేడా ఇక్కడే ఉంది.

నాకు అసంతృప్తి లేకపోలేదు. అలమండలో ఆడవాళ్ల గొంతు పలచన. రాజుల పొలాల్లో నాగలి పట్టినవాళ్లు ఆ వాదాల్ని ఎలా విన్నారో మనకు తగినంత తెలియదు.

ఇప్పటి పరిస్థితి అంతకన్నా బాధ పెడుతుంది. పతంజలిని చమత్కారపు వాక్యాలుగా తుంచి పంచుకుంటున్నారు. ఆయన రాజుల చేత తత్వం మాట్లాడించిన శ్రీకాకుళం, విజయనగరం యాసను సినిమాలు పనివాళ్ల నోట నవ్వులాటకు వాడుకుంటున్నాయి. విశ్వవిద్యాలయాలు రాజుగోరు నుంచి గోపాత్రుడి దాకా కలిపి చదివించాలి, పక్కన ఆ ఊళ్ల భూముల చరిత్ర పెట్టి మరీ.