తిరిగొచ్చినోడిని పంక్తిలో కూర్చోబెట్టాలా? క్షమించరాని పాపం వెనుక ఉన్న చరిత్ర



పోస్టు కొంచెం పెద్దగున్నది, ఓపిక చేసి చివరిదాకా చదవండి.

మన ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ గూడేల్లో ఇప్పుడు ఒక్క ఇంట్లోనే రెండు నమ్మకాలు కనబడుతున్నయి. అన్న పుష్య అమావాస్యకు కెస్లాపూర్ నాగోబా దగ్గరికి పోతే, తమ్ముడు ఆదివారం ప్రార్థనకు పోతడు. చాలా ఇండ్లల్ల దీనికి కొట్లాట ఏం లేదు. ఇంటి పెద్ద చనిపోయి, పెర్సా పేన్ దగ్గర కార్యం పెట్టినప్పుడు మాత్రం చిక్కు వస్తది. ప్రార్థనకు పోయే పిల్లగాడు అక్కడికి వస్తే, "బాప్తిస్మం తీసుకున్నంక మళ్లా దేవుళ్ల దగ్గరికి పోయినవు, నీకు ఇక క్షమాపణ లేదు" అని ఒక దిక్కు అంటరు. "చర్చికి పోయినోడు మా పంక్తిల కూర్చోవద్దు" అని ఇంకో దిక్కు అంటరు. మధ్యల ఆ పిల్లగాడు నలిగిపోతడు. క్షమాపణే లేదన్న మాట పదిహేడు, పద్దెనిమిదేండ్ల మనసు మీద పడితే అది చిన్న బరువు కాదు.

అందుకే ఈ "క్షమించరాని పాపం" అనే మాట ఎక్కడ పుట్టింది, చర్చి పెద్దలు దాని మీద ఏం తేల్చిన్రు అనేది చరిత్రలో చూద్దాం. ఏ మతం మంచిది, ఏది చెడ్డది అని చెప్పేందుకు కాదు ఈ పోస్టు.

మన దగ్గరికి ఎట్ల వచ్చింది

గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో 1860ల నాటికే కోయల మధ్య మిషన్ పని మొదలైంది. నది మీద పడవల రాకపోకల కోసం పనులు చేయించిన ఇంజనీరు హెయిగ్ దాన్ని మొదలుపెట్టిండు. మెదక్, కరీంనగర్ వైపు వెస్లియన్ మెథడిస్టులు వచ్చిన్రు. 1947లో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడినప్పుడు ఆ చర్చిలు అందులో కలిసినయి. క్యాథలిక్కుల వైపు ఆదిలాబాద్ ప్రాంతం మొదట చాందా కింద ఉండేది. 1999లో మంచిర్యాల కేంద్రంగా ప్రత్యేక ధర్మప్రాంతం అయింది. ఇప్పుడు వీటితో పాటు ఏ పెద్ద సంఘానికీ చెందని చిన్న చిన్న ప్రార్థన మందిరాలు కూడా ఉన్నయి. కాబట్టి "క్రైస్తవులు ఇట్ల అంటరు" అని అందర్నీ ఒకే గాటన కట్టలేం.

ఆ మాట అసలు ఎవరిని ఉద్దేశించింది

మత్తయి 12వ అధ్యాయంలో, మార్కు 3వ అధ్యాయంలో ఈ సంగతి ఉన్నది. యేసు దయ్యాలను వెళ్లగొడుతుంటే, చదువుకున్న మతపెద్దలు వచ్చి, ఇదంతా దయ్యాల రాజు బలంతోనే చేస్తున్నడని నింద వేసిన్రు. దానికి జవాబుగా యేసు, మనుషుల పాపాలన్నీ క్షమించబడతయి గానీ పరిశుద్ధాత్మను దూషించడానికి క్షమాపణ లేదని అన్నడు. ఆయన అట్ల ఎందుకన్నడో మార్కే వివరించిండు: ఆయనకు అపవిత్రాత్మ పట్టిందని వాళ్లు అన్నరు కాబట్టి. కండ్ల ముందు జరిగే మంచిని చూసి కూడా దాన్ని చెడు అనే పెద్దలను ఉద్దేశించిన హెచ్చరిక అది. చావు కార్యానికో, జాతరకో పోయినోడి ముచ్చట అక్కడ లేదు.

అయితే హెబ్రీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో ఇంకో కఠినమైన మాట ఉన్నది. విశ్వాసంలోకి వచ్చి పడిపోయినవాళ్లను మళ్లా మారుమనస్సులోకి తేవడం అసాధ్యమని. భయపెట్టేవాళ్లు ఎక్కువగా పట్టుకునేది దీన్నే. చర్చి చరిత్రలో అసలు కొట్లాట కూడా ఈ ప్రశ్న మీదనే నడిచింది.

క్రీ.శ. 250: కార్తేజ్ పంచాయితీ

రోమ్ చక్రవర్తి డెసియస్ ఒక ఆజ్ఞ తీసిండు. రాజ్యంలో ఉన్నోళ్లంతా దేవతలకు బలి ఇచ్చి, అధికారుల దగ్గర చీటీ రాయించుకోవాలె. అసొంటి చీటీలు నలభైకి పైగా ఈజిప్టు మట్టిలో దొరికినయి. బలి ఇవ్వమన్న క్రైస్తవులు జైలుకు పోయిన్రు, కొందరు చచ్చిపోయిన్రు. రోమ్ బిషప్ ఫాబియన్ కూడా 250లోనే ప్రాణం పోగొట్టుకున్నడు. భయపడి బలి ఇచ్చినోళ్లు మస్తుగున్నరు. ఇంకొందరు బలి ఇవ్వకుండానే లంచం ఇచ్చి చీటీ సంపాయించిన్రు.

గొడవ చల్లారినంక వాళ్లంతా ఏడుస్తూ తిరిగి వచ్చిన్రు. చేర్చుకోవాలా, వద్దా?

రోమ్‌లో నొవేషియన్ అనే పెద్ద, వద్దన్నడు. ఆయన వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. ప్రాణాలిచ్చినోళ్ల త్యాగానికి విలువేంది, జైల్లో మగ్గినోడు, లొంగిపోయినోడు ఒకటేనా అనే బాధ అందులో ఉన్నది. ఇప్పటి ట్యునీషియాలో ఉన్న కార్తేజ్ నగర బిషప్ సిప్రియన్ మధ్యే మార్గం పట్టిండు. 251లో బిషప్పులంతా కూర్చొని తీర్పు చెప్పిన్రు. చీటీ మాత్రమే తీసుకున్నోళ్లను ఒక్కొక్కరినీ విచారించి చేర్చుకోవాలె. బలి ఇచ్చినోళ్లు చాలాకాలం పశ్చాత్తాప నియమాలు పాటించాలె, చావు దగ్గర పడితే ప్రభువు బల్లలో పాలు ఇవ్వాలె. మళ్లీ హింస రాబోతున్నదని అనిపించినప్పుడు, అప్పటిదాకా నియమాలు పాటిస్తున్నోళ్లందర్నీ చేర్చుకున్నరు.

నొవేషియన్ వేరు కుంపటి పెట్టుకున్నడు. ఆయన మనుషులు తమను "పవిత్రులు" అని పిలుచుకున్నరు. 325లో నైసియా మహాసభ జరిగినప్పుడు ఈ గుంపు నుంచి తిరిగొచ్చే గురువులకు ఒక షరతు పెట్టిన్రు: పడిపోయి లేచినోళ్లతో కలిసి బల్ల దగ్గర కూర్చోవాలె. అదే సభ ఇంకో మెట్టు ముందుకు పోయింది. ఎవరూ బలవంతం చేయకుండానే విశ్వాసం విడిచినోళ్లకు కూడా పన్నెండేండ్ల నియమం పెట్టి తిరిగి వచ్చే దారి ఇచ్చింది. ఆ తర్వాత అగస్టీన్, చచ్చేదాకా మారనని మొండిగా ఉండటమే ఆ క్షమించరాని పాపమని వివరించిండు.

అంటే, వేరే దేవుళ్లకు బలి ఇచ్చినా తిరిగి రావొచ్చని చర్చి పెద్దలు పదిహేడు వందల ఏండ్ల కిందనే తేల్చిన్రు. వాళ్ల లెక్కలో అది పాపమే. చిన్న పాపం అని కూడా అనలేదు. కానీ తలుపు మాత్రం మూయలేదు. "నీకు ఇక క్షమాపణ లేదు" అని ఈ రోజు మన పిల్లగాడితో అనేటోడు, తెలిసో తెలియకో, చర్చి తోసిపుచ్చిన నొవేషియన్ మాటనే మాట్లాడుతున్నడు.

తెలుగు బైబిల్లో ఒక సంగతి గమనించండి. యేసును అప్పగించిన యూదా బాధపడటాన్ని "పశ్చాత్తాపం" అన్నరు. దేవుని వైపు తిరగడాన్ని "మారుమనస్సు" అన్నరు. గ్రీకులో కూడా అవి రెండు వేర్వేరు మాటలు. యూదా కుమిలిపోయి ప్రాణం తీసుకున్నడు. యేసు ఎవరో తెలియదని మూడుసార్లు అబద్ధమాడిన పేతురు కూడా ఏడ్చిండు, కానీ తిరిగి వచ్చి పెద్ద అయిండు. నీకు క్షమాపణ లేదని భయపెడితే మనిషి పేతురు దారిలో పోడు, యూదా దారిలో పోతడు.

మన పెద్దల "తప్పు"

ఇప్పుడు మన వైపు చూద్దాం. 1940లలో మన మధ్య తిరిగిన హైమెండార్ఫ్, 1967లో వచ్చిన "మోరల్స్ అండ్ మెరిట్" పుస్తకంలో గోండుల నీతి గురించి కూడా రాసిండు. మన పెద్దల లెక్కలో తప్పుకు శిక్ష చచ్చినంక పై లోకంలో పడేది కాదు. తప్పు జరిగితే సగలో, గోత్రంలో, ఊళ్లో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న సంబంధం తెగుతది. దాన్ని ఇక్కడే, పంచుల ముందే అతకాలె. అందుకే పట్లా ముందు కూర్చుంటరు, మాట్లాడుతరు, తప్పు కట్టిస్తరు. చివరికి అందరూ కలిసి తింటరు. ఆ పంక్తిలో చేయి కడుక్కొని కూర్చున్నడంటే మనిషి మళ్లా మనోడే.

కార్తేజ్‌లో చేర్చుకున్నోడిని ప్రభువు బల్ల దగ్గరికి పిలిచిన్రు. మన గూడెంలో పంక్తిలోకి పిలుస్తరు. దేవుడి గురించి ఆలోచన పూర్తిగా వేరు. తిరిగి కలుపుకున్నమని చూపే పద్ధతి మాత్రం రెండు దిక్కులా కలిసి తినుడే.

మన వైపు లోపం కూడా చెప్పుకోవాలె. తప్పు అనేది మనిషిని తిరిగి కలుపుకునేందుకు పుట్టింది. కట్టలేనంత తప్పు వేస్తే, శవం మోయడానికి రామంటే, అది వెలి వేసుడే అయితది. చర్చికి పోయినోడి మీద కోపంతో అట్ల చేస్తే మనం కూడా నొవేషియన్ దారే పట్టినట్టు.

చివరగా

ప్రార్థనకు పోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, క్షమించరాని పాపం అని ఎవరన్నా భయపెడితే, 251లో కార్తేజ్‌లో ఏం తేలింది, 325లో నైసియాలో ఏం తేలింది అని నెమ్మదిగా అడగండి. నాకు అసొంటి పాపం అంటిందేమో అని ఏడ్చేవాడికి అది అంటనే లేదని చాలామంది పాస్టర్లే చెప్తరు. అసొంటి పెద్దమనిషితో మాట్లాడండి. రాత్రిళ్లు నిద్ర పట్టక ఒంటరిగా కుమిలిపోయే దోస్తు హాస్టల్‌లో ఉంటే వాణ్ణి ఒక్కణ్ణి వదలకండి.

పేన్‌ను నమ్మే అన్నలూ, అక్కలూ, వచ్చే కార్యంలో అట్లాంటి పిల్లగాడు దూరంగా నిలబడితే, మొదట పిలవాల్సింది మనమే. మీ ఊళ్లో వెలి పడ్డ మనిషిని తిరిగి ఎట్ల కలుపుకునేటోళ్లో పట్లాను, కటోడాను, రాయ్ సెంటర్ సార్మేడిని అడిగి ఇక్కడ కింద రాయండి. గోండు, కొలాం, నాయక్‌పోడ్, కోయ, తోటి, పర్ధాన్, ఏ తెగ పద్ధతి అయినా సరే. పెద్దలు ఉన్నప్పుడే రాసి పెట్టుకుందాం.

జై సేవా.