విమానం రెక్కపై మంచు.. పట్టుకున్నా ముప్పే, ఊడినా ముప్పే!

చలి దేశాల్లో టేకాఫ్‌కు ముందు విమానం రెక్కలపై నారింజ, ఆకుపచ్చ రంగు ద్రవాలు కొట్టడం అక్కడుండే మనవాళ్లు చూసే ఉంటారు. అవి గ్లైకాల్ కలిపిన ద్రవాలు. ఉన్న మంచును కరిగిస్తాయి, మళ్లీ పేరుకోకుండా కాసేపు ఆపుతాయి. అయితే ఈ రక్షణ నేలపై ఉన్నంతసేపే. టేకాఫ్ వేగానికి ద్రవం చాలావరకు జారిపోతుంది. మరి గాల్లో పరిస్థితేంటి?

మంచు ఎలా పడుతుంది?

మేఘాల్లో కొన్ని నీటి బిందువులు సున్నా డిగ్రీల కంటే చల్లబడినా గడ్డకట్టవు. విమానం తగిలితే చాలు.. గడ్డకట్టి అంటుకుపోతాయి. దాంతో రెక్క ఆకారం మారి, విమానాన్ని పైకి లేపే శక్తి తగ్గుతుంది. 1994 అక్టోబర్ 31న అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర ఏటీఆర్-72 విమానం ఇలాగే కూలింది. రెక్క ముందు అంచున గాలితో ఉబ్బి మంచును విరగ్గొట్టే రబ్బరు పొరలున్నాయి. కానీ మంచు వాటి వెనక గట్టులా పేరుకుంది. 68 మంది చనిపోయారు.

ఊడితే సేఫేనా?

కాదు. 1991 డిసెంబర్ 27న స్టాక్‌హోమ్‌లో టేకాఫ్ అయిన ఎండీ-81 విమానం రెక్కల మీది మంచు పెచ్చులుగా ఊడి, వెనకనున్న ఇంజిన్లలోకి వెళ్లింది. రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. పైలట్లు పొలంలో దించారు. విమానం ముక్కలైనా 129 మందీ బతికారు. అంటే మంచు ఊడటం ఒక్కటే చాలదు.. చిన్న ముక్కలుగా, ఎక్కువ పేరుకోకముందే ఊడాలి.

పట్టు ఎంతో కొలిచేదెలా?

కెనడాలోని క్యుబెక్ యూనివర్సిటీ ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉంది. లోహపు పట్టీ చివర మంచు గడ్డకట్టించి, గిర్రున తిప్పుతూ వేగం పెంచుతారు. ఏ వేగంలో మంచు ఊడిందో చూసి పట్టు లెక్కగడతారు. మామూలు అల్యూమినియంపై ఇది వందల కిలోపాస్కల్స్ ఉంటుంది. 100 కంటే తక్కువైతే మంచు అంటని పూతగా పరిగణిస్తారు. దానంతటదే రాలాలంటే సుమారు 20కి దిగాలన్నది పరిశోధకుల అంచనా. అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో నాసాకున్న మంచు సొరంగంలో 1944 నుంచి ఇలాంటి మేఘాలనే సృష్టించి పరీక్షలు చేస్తున్నారు.

చిక్కెక్కడ?

తామరాకులా నీటిని జార్చే పూతలు మొదట్లో బాగానే పనిచేస్తాయి. కానీ తేమ వాటి గరుకు సందుల్లోకి దూరి గడ్డకడితే, మంచు ఇంకా గట్టిగా పట్టేస్తుంది. నూనె నింపిన పూతల్లో నూనె క్రమంగా తగ్గిపోతుంది. వాన, ఇసుక రాపిడికి మెత్తటి పూతలు అరిగిపోతాయి.

అందుకే పూతను ఒక్కదాన్నే నమ్ముకోవడం లేదు. దానికి కాస్త వేడి జోడించే దారిలో పరిశోధనలు సాగుతున్నాయి. పట్టు తక్కువైతే మంచును వదిలించడానికి కరెంటు కూడా తక్కువే చాలు. ఇంజిన్ నుంచి వేడిగాలి అందని చిన్న విమానాలకు, డ్రోన్లకు ఇది పెద్ద ఊరట.