సీసపు మెరుపు

ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులు 17వ శతాబ్దంలో పచ్చి పళ్లేల మీద సీసపు ఖనిజం పొడి చల్లి ఆములో పెట్టేవారు. వెయ్యి డిగ్రీల లోపు వేడికే ఆ పొడి మట్టిలోని ఇసుకతో కలిసి కరిగి, తేనెరంగు గాజుపొరగా, అంటే గ్లేజుగా, పరుచుకునేది. అంత తక్కువ మంటకు లొంగే సరుకు మరొకటి వాళ్లకు దొరకలేదు.

తర్వాత మట్టిలో కాల్చి నూరిన చెకుముకిరాయి కలిపారు. మట్టి తెల్లబడింది, గ్లేజు నెర్రెలివ్వడమూ తగ్గింది. 1765లో కుమ్మరి జొసయా వెడ్జ్‌వుడ్ రాణి షార్లెట్‌కు పంపిన మీగడరంగు టీ సెట్టు ఈ కోవదే.

ఈ మెరుపుకు మూల్యం చెల్లించింది కూలీలు. సీసపు గ్లేజులో పాత్రలు ముంచే చేతులు సీసపు విషమెక్కి మణికట్టు దగ్గర వాలిపోయేవి. 1899లో నిపుణులు థోర్ప్, ఆలివర్‌ల నివేదిక గ్లేజులో పచ్చిసీసం (ముందుగా కరిగించి గాజుగా మార్చని సీసం) మానమంది. బ్రిటన్ దాన్ని నిషేధించడానికి 1947 నిబంధనలదాకా పట్టింది. ఇంత జాప్యం క్షమించరానిది.

సీసపు గ్లేజున్న పాత పళ్లెం మీ ఇంట్లో ఉంటే గోడకు తగిలించుకోండి. చింతకాయ పచ్చడి మాత్రం అందులో వేయకండి, పులుపు సీసాన్ని లాగేస్తుంది.