వేళ్ళాట

జూదమనగానే మనకి పాచికలే గుర్తుకొస్తాయి. శకుని మామ పుణ్యం అది. ఆ పాచికలు కాస్తా లాగేసుకుంటే ఆడేవాడు ఊరుకుంటాడా? చేతికి అయిదు వేళ్ళున్నాయి కదా!

వెనకటి రోమనులు అలాగే ఆడారు. ఆ ఆటని వాళ్ళు 'మికాతియో' అనేవారు. ఇద్దరు ఎదురెదురుగా పిడికిళ్ళు బిగించి నిలబడతారు. ఒక్కసారిగా తోచినన్ని వేళ్ళు చాపుతూ, రెండు చేతులవీ కలిపి ఎన్నవుతాయో చెరో అంకె అరుస్తారు. ఎవరి అంకె కలిస్తే వాడిదే గెలుపు. మనం రెండు చూపబోతున్నామని ఎదుటివాడు పసిగట్టాడో, మన పని అయిపోయినట్టే. కాబట్టి ముఖం ఒకటి చెప్పాలి, చెయ్యి మరొకటి చెయ్యాలి. అచ్చమైన బుకాయింపు! ఇటలీలో దీన్ని 'మొర్రా' అని ఇప్పటికీ ఆడతారు.

బాగానే ఉంది, మరి చీకట్లో ఆడితే? వాడెన్ని వేళ్ళు చూపాడో వాడు చెప్పిందే లెక్క. క్రీస్తుకు పూర్వం 44లో సిసిరో, ఏథెన్సులో చదువుకుంటున్న కొడుకు కోసం కర్తవ్యాల గురించి ఓ గ్రంథం రాశాడు. అందులో ఈ ప్రసక్తి ఉంది. పరమ నిజాయితీపరుణ్ణి అక్కడి పల్లెవాళ్ళు చీకట్లో వేళ్ళాట ఆడదగిన మనిషి అని మెచ్చుకునేవారట. సిసిరో నాటికే అది అరిగిపోయిన సామెత. అబద్ధం మీద నడిచే ఆటని తెచ్చి నిజాయితీకి కొలబద్ద చేశారంటే వాళ్ళ తెలివికి నాకు మహా ముచ్చటేస్తుంది. వేళ్ళు చాపేదాకా ఎంత బుకాయించినా ఫరవాలేదు, చాపాక లెక్క తప్పు చెప్పకూడదు. అంతే తేడా.

ఆ తేడా సంతలో నిలబడలేదు. రోము నగరంలో పశువుల బేరాలు కూడా వేళ్ళ మీదే తేల్చుకునే అలవాటు పడింది. క్రీస్తుశకం 363 ప్రాంతంలో నగరాధికారి టర్సియస్ అప్రోనియానస్ రాతి మీద శాసనం చెక్కించాడు: ఇకమీదట వేళ్ళు కట్టిపెట్టి తూకం వేసి అమ్మండి అని! ఎంతమంది అమాయకుల కొంప మునిగితే ఆ రాయి లేచిందో.

మన పశువుల సంతల్లో దళారులు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకోవడం నేను చిన్నప్పుడు చూశాను. అది ఆట కాదు, పక్కవాడికి తెలియకుండా మాట్లాడుకోవడం. తువ్వాలు కదిలేది, ముఖాలు కదిలేవి కావు. ఎద్దునమ్ముకోవడానికి వచ్చిన రైతు మాత్రం ఆ తువ్వాలుకేసే చూస్తూ నిలబడేవాడు.

ఆ మధ్య కరెంటు పోయిన రాత్రి మా మనవరాలి కోసం నేనూ ఓ వేళ్ళాట కల్పించాను. చెయ్యి వెనక దాచుకుని "నావి నాలుగు" అనాలి. నిజమైనా సరే, బొంకైనా సరే. అవతలివాళ్ళు ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. సరిగ్గా చెబితే పాయింటు వాళ్ళది, లేకపోతే మనది. పిల్ల మొదట్లో ప్రతిసారీ బొంకి చిత్తుగా ఓడింది. ఆ తర్వాత మధ్యమధ్య నిజం చెప్పడం మొదలెట్టి నన్ను వరసగా బోల్తా కొట్టించింది. ఒకడి గెలుపు రెండోవాడి ఓటమి అయ్యే ఆటల్లో, ఎత్తు దొరక్కుండా ఎలా కలగలిపి ఆడాలో జాన్ వాన్ న్యూమన్ 1928లో బోలెడు గణితం రాశాడు. దీనికి పావుగంట పట్టింది.

ఈసారి చీకట్లోనే ఆడదామే అన్నాను.

"ఉండు తాతయ్యా, కొవ్వొత్తి తెస్తా" అని లేచింది.