డిజైనర్లకు బీమా: ఏ పాలసీ దేనికి పనికొస్తుంది?

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది. ఇంటి గదిలో కంప్యూటర్ పెట్టుకుని లోగోలు, పుస్తకాల అట్టలు, ఫ్లెక్సీలు చేసే మనిషికి బతుకుతెరువు పోవడానికి అలాంటి ఒక్క రాత్రి చాలు. తాతల ఆస్తి ఉన్నవాళ్లు, చేబదులిచ్చే చుట్టాలున్నవాళ్లు మళ్లీ కొనుక్కుంటారు. మన వాడల నుంచి తొలి తరంగా ఈ పనిలోకి వస్తున్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. బీమా గురించి మేం రాయడానికి కారణం అదే.

ముందు సామాన్ల సంగతి. ఒక చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల రూపాయలు దాటని సంస్థల కోసం 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే పాలసీ ఉంది. అగ్నిప్రమాదం, వరద, తుఫానులతో పాటు అల్లర్లు, కావాలని చేసిన ధ్వంసం కూడా ఇందులోకి వస్తాయి. ఈ చివరి రెండూ మనవాళ్లు తప్పక చదువుకోవాలి. కులం పేరుతో షాపు మీద దాడి జరిగితే ఎఫ్ఐఆర్ కాపీ బీమా క్లెయిముకూ కావాలి, అట్రాసిటీ చట్టం నిబంధనల కింద అందాల్సిన సహాయానికీ కావాలి. ఆ సహాయం ప్రభుత్వ బాధ్యత. బీమా ఉంది కదా అని అధికారులు దాన్ని తప్పించుకోనివ్వకూడదు.

మామూలు దొంగతనానికి మాత్రం విడిగా పాలసీ తీసుకోవాలి. బస్సులో పోయిన లాప్‌టాప్‌కు పరిహారం రావాలంటే, ఎలక్ట్రానిక్ పరికరాల పాలసీలో బయటికి తీసుకెళ్లే వస్తువుగా దాన్ని ప్రత్యేకంగా రాయించుకోవాలి. ఇంటి నుంచే పనిచేస్తుంటే ఆ మాట దరఖాస్తులోనే చెప్పండి. దాచితే క్లెయిమ్ దగ్గర అదే సాకవుతుంది.

ఇక పనిలో జరిగే పొరపాట్లు. 20 వేల కరపత్రాల్లో ఫోన్ నంబరు తప్పు పడిందనుకోండి, లేదా మీరు వాడిన ఫొటో తనదని ఎవరో నోటీసు పంపారనుకోండి. ఇలాంటివాటికి ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ ఉంటుంది. ఇందులో మెలిక ఉంది. తప్పు జరిగిన రోజున పాలసీ ఉంటే సరిపోదు, మీ మీద క్లెయిమ్ వచ్చిన రోజున కూడా నడుస్తూ ఉండాలి. పాలసీలో రాసిన వెనకటి తేదీకి ముందు చేసిన పనికి రక్షణ రాదు. అందుకే మధ్యలో ఒక ఏడాది కట్టడం మానేస్తే పాత పనులన్నీ గాలిలో పడతాయి. కాపీరైటు ఉల్లంఘన ఇందులో చేరుతుందో లేదో పాలసీ కాగితంలో చూసుకోండి, ఏజెంటు మాట చాలదు. తెలిసీ కాపీ కొట్టినదానికి ఏ కంపెనీ ఇవ్వదు. ఉద్యమ పోస్టర్ వేసినందుకు పోలీసు కేసు పెడితే పడే జరిమానాలూ ఈ పాలసీలోకి రావు.

కొన్ని నోటీసులు రాకుండా ముందే చూసుకోవచ్చు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణం తర్వాత 60 ఏళ్లకు హక్కులు ముగుస్తాయి. కాబట్టి బాబాసాహెబ్ జీవితకాలంలో ప్రచురించిన రచనలు 2017 జనవరి 1 నుంచి అందరివీ. జయంతి పోస్టర్‌కు ఆయన మాటలు ఎవరి అనుమతీ లేకుండా వాడుకోవచ్చు. ఈ మధ్య ఎవరో చేసిన తెలుగు అనువాదం, ఇప్పటి చిత్రకారుడు గీసిన బొమ్మ మాత్రం అలా కాదు. అక్షరాలకైతే మండలి, ధూర్జటి లాంటి ఉచిత లైసెన్సు ఫాంట్లు ఉన్నాయి.

క్లయింట్ డబ్బు ఎగ్గొడితే ఈ పాలసీలేవీ ఆదుకోవు. దానికి 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ఉంది. ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఇది అడగాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి, అది పూర్తిగా ఉచితం. పని ఒప్పుకోకముందే చేయించుకోండి.

బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. ఏకవ్యక్తి సంస్థలు, సూక్ష్మ సంస్థల పాలసీలు కూడా ఆ పరిధిలోకి వస్తాయి. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీ జవాబిచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి, కాబట్టి ఆ ఉత్తరం పారేయొద్దు.