డిపెండెంటు

2017 మార్చి. గోదావరిఖనిలో ఓ సింగరేణి బొగ్గు కంపెనీ క్వార్టర్. తండ్రి మొదటి షిఫ్టు దిగి వచ్చి చాయ్ గిలాస అందుకున్నాడు. టీవీ ముందు నుంచి కొడుకు లేవలేదు.

"బాపూ, వారసత్వ ఉద్యోగాలు హైకోర్టు కొట్టేసిందట."

"యూనియనోళ్లు చూసుకుంటరు తియ్ బిడ్డా."

ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులోనూ ఊరట దొరకలేదు.

(ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఖనిలో ఎన్నో ఇళ్లు కలిపి అల్లింది. అందుకే పేర్లు లేవు.)

బొగ్గు బాయి ఊళ్లో డిపెండెంటు, అంటే తండ్రి కొలువు కోసం ఎదురుచూసే కొడుకు, అనిపించుకోవడం చిన్నతనం కాదు, ఒక ఆశ. ఆ ఆశతో ముప్పై ఏళ్లు దాటిన పిల్లల్ని సోమరులంటే నేను ఒప్పుకోను. ఇల్లు, కరెంటు, ఆస్పత్రి అన్నీ సింగరేణి ఇచ్చిన చోట పుట్టినవాడికి ఇంకో దారి ఎవరు చూపారు? 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు సుమారు 40 వేలు. ఓపెన్‌కాస్టులో మనుషుల పని యంత్రాలు చేస్తున్నాయి.

కోర్టు తీర్పుల తర్వాత కారుణ్య నియామకాలు వచ్చాయి. తండ్రి ఒళ్లు ఇక పనికిరాదని కొత్తగూడెం మెడికల్ బోర్డు తేల్చాలి. అప్పుడే కొడుక్కి కొలువు. ఆ క్వార్టర్‌లో తండ్రి రిపోర్టులన్నీ సంచిలో సర్దుకుంటుంటే భార్య గడపలో నిలబడింది.

"దేవునికి ఏమని మొక్కాలె? నీకు రోగం ఉండాల్ననా?"

ఆయన జవాబియ్యలేదు.

ఆమె సింగరేణి సేవా సమితిలో కుట్టు నేర్చుకుంది. మంచి పనే. కానీ కుట్టేవన్నీ బాయి జీతం వచ్చే ఇళ్ల జాకెట్లే. షిఫ్టులు తగ్గితే మిషనూ ఆగుతుంది. ఆమె అక్కది ముల్కనూరు దిక్కు. 2016 దాకా అదీ గోదావరిఖనీ ఒకే కరీంనగర్ జిల్లా. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి అక్కడ రైతులతో సహకార బ్యాంకు పెట్టించారు. తర్వాత ఆడవాళ్లు పాల డెయిరీ పెట్టుకున్నారు. పాల ప్యాకెట్ మీద పేరు స్వకృషి. సర్కారు వాటా అక్కర్లేని 1995 సహకార చట్టం కింద నడిచే సంఘం అది. పాలు పోసేవాళ్లే యజమానులు, లెక్క అడిగేదీ వాళ్లే.

కొత్తగూడెం నుంచి ఆయన రాత్రి బస్సుకు వచ్చాడు.

"ఫిట్ అన్నరు."

సంతోషపడాలో ఏడవాలో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. కొడుకు బయటికి వెళ్లిపోయాడు. ఆయనకు అన్నం పెట్టి, ఆమె ఫోన్ అందుకుంది.

"అక్కా, పాల సంఘం మొదలువెట్టిన్నాడు మీరు ఎంతమంది ఉంటిరి?"